మూడో తలుపు దాకా ఆరువందల నలభై మెట్లు

రోజు 1

ఈ పుస్తకం నేను ఇష్టపడి రాస్తున్నది కాదు. కమిటీ రాయమంది. నిన్నటి మీటింగులో రాజేశం మేస్త్రి ముందున్న బల్లను గుద్దాను. రెండు గ్లాసులు దొర్లాయి, నీళ్లు రిజిస్టరు మీద పడ్డాయి. దానికి శిక్ష ఇది. పేరు బానేశ్, వయసు పందొమ్మిది, నివాసం పాత బొగ్గుబావి ఐదో ఇంక్లైన్, రెండో గ్యాలరీ, పని పైన సోలార్ ప్యానెళ్లు తుడవడం. ఇవాళ్టి నుంచి ఎనభై నాలుగు రోజులు ఓదెమ్మ మోకాలికి లెక్కతోడు.

బల్ల ఎందుకు గుద్దానో రిజిస్టరులో రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తాను. ఓదెమ్మ ఇరవై రెండేళ్లు మూడో గాలి తలుపు కాసింది. క్వార్టర్ల నుంచి ఆ తలుపుకి ఆరువందల నలభై మెట్లు దిగాలి. సైరన్ మోగాక గాలి పంకా రెండు వేల దెబ్బలు కొట్టేలోగా తలుపు దగ్గర ఉండాలని రూలు. ఏడేళ్లుగా ఉన్న కుడి మోకాలి నొప్పి ముదిరి, ఉగాది నుంచి ఆమెకు మూడు వేలు పడుతోంది. మేస్త్రి ఆమెను తప్పించి ల్యాంప్ రూమ్‌లో దీపాలు తుడవమన్నాడు. ఎనభై నాలుగో రోజు నాటికి తన కాళ్ల మీద, రూలు ప్రకారం చేరగలిగితే తలుపు ఆమెది. లేకపోతే శాశ్వతంగా ఇంకొకరిది.

అదే రోజు పై పట్నం నుంచి మోకాళ్ల వ్యాగన్ వస్తుంది. ఏడాదికి ఒకసారి వస్తుంది, మా ఇంక్లైన్‌కి ఒకే సీటు. తీసుకుపోయి, కీలు మార్చి, ఆరు నెలలు అక్కడే ఉంచుకుని పంపుతారు. ఆ సీటు ఓదెమ్మకు ఇవ్వాలన్నాను. "పన్నెండు వారాలు కసరత్తు చేసి చూడందే సీటు ఎవ్వలికీ లేదు" అన్నాడు మేస్త్రి. పై పట్నం వాళ్లకు యంత్రం, బొగ్గుబావిలో బతికే వాళ్లకు దండీలు బస్కీలు. నా దగ్గర ముప్పై ఒక్క కరపత్రాలున్నాయి, అన్నీ రెండేసి సార్లు చదివాను. 'అరిగిన ప్రతి కీలుకూ సమాజానిదే పూచీ' అని పదకొండో కరపత్రం మొదటి పేజీలోనే ఉంది. మేస్త్రి చదివి ఉండడు.

సాయంత్రం ఫిజియో మేడం వచ్చింది. షాహీన్ మేడం. పద్నాలుగు రోజులకొకసారి పై పట్నం నుంచి దిగి, ఐదారు ఇంక్లైన్లు చూసిపోతుంది. సంచిలో ఒక కొలబద్ద, ఒక పాత తువ్వాల, దారానికి కట్టిన ఇత్తడి గుండు ఉన్నాయి.

"ఇంతేనా" అన్నాను.

"ఇంకేం గావాలె తమ్మీ" అంది.

ఓదెమ్మను గోడకు నిలబెట్టి, తుంటి దగ్గర నుంచి దారం వేలాడదీసింది. ఓదెమ్మ మోకాలు దారానికి రెండు వేళ్లు ముందుకు వచ్చి ఉంది. నిటారుగా నిలబడమంటే నిలబడ్డాననే అంది. ఇక్కడి కప్పులు తక్కువ ఎత్తు, అందరం మోకాళ్లు కాస్త వంచే నడుస్తాం. కప్పు ఎత్తుగా ఉన్న చోట కూడా అలవాటు కొద్దీ అంతే. ఆమె కాలు పూర్తిగా చాపి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు.

"లోపలి గుజ్జు కొంచెం అరిగింది, మొత్తం పోలే" అంది మేడం. "తొడ కండ మాత్రం సగమైంది. నొప్పి అని కాలు దాసుకున్నవు, దాసినకొద్దీ కండ వాడింది, కండ వాడినకొద్దీ బరువంతా కీలు మీద పడ్డది. ఓదెమ్మక్కా, తలుపు కిర్రుమంటే నువ్వు ఏం చూస్తవు?"

"చౌకట్టు చూస్త. చౌకట్టు కుంగితే బందులు ఎన్నిసార్లు మార్చినా కిర్రుమంటనే ఉంటది."

"ఆఁ. గదే."

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతే, నా కక్షిదారు ఒక్క మాటకే అవతలి పక్షం చేరిపోయింది.

తర్వాత మేడం ఆ గుండును గంటలా ఊపుతూ పంకా దెబ్బలు లెక్కపెట్టింది. కింద గడియారాలుండవు. సీలు వేసిన టోపీ దీపం తప్ప బ్యాటరీ వస్తువు ఏదీ దిగకూడదు, గ్యాసు భయం. కమిటీ గదిలోని తాళం తిప్పే గడియారం నేను పుట్టకముందే తేమకు బిగుసుకుపోయింది. మా కాలమంతా పెద్ద పంకాదే. దాని ఒక రెక్కకు అతుకు ఉంది, తిరిగినప్పుడల్లా ధబ్ మంటుంది. అన్నం ఉడకడం, బడి విడవడం, షిఫ్టు సైరన్, అన్నీ ఆ దెబ్బల లెక్కే. మేడం ఈ పుస్తకం మొదటి పేజీలో తన చేత్తో రాసింది: 'ఐదో ఇంక్లైన్. పది దెబ్బలకు పది ఊపులు.' ఎందుకంటే ఒక్కో ఇంక్లైన్ పంకా ఒక్కో తీరట. పనికిరాని కొలత. ఆఫీసు మనుషులకు కొలవడమే పని.

రోజు 3

చుట్టిన తువ్వాల మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి అదమాలి. పది దెబ్బలు పట్టి వదలాలి. తర్వాత కాలు చాపి, జానెడు ఎత్తి, పది దెబ్బలు. ఒక్కోటి పదిసార్లు, రోజుకు మూడు పూటలు.

"ఏమయ్యా, ఆడమనిషి కాలు చూస్కుంట ఒకట్లు రెండ్లు సదువుడేనా నీ ఉద్యోగం?" అంది ఓదెమ్మ.

"శిక్ష అత్తా, ఉద్యోగం కాదు."

"మరి నాకేం శిక్ష? నేనేం బల్ల గుద్దలే గదా."

ఎనిమిదికే వదిలేయబోయింది. వదలనివ్వలేదు. కసరత్తు పనికిరాదని నా నమ్మకం. రేపు ఓడిపోయాక లెక్క సరిగా పెట్టలేదని ఎవరూ అనకూడదు. పది అంటే పదే.

లెక్క: ఆరు పదులు, మూడు పూటలు.

రోజు 9

ఇవాళ మాటకు మాట వచ్చింది.

"సీటు నాకని కొట్లాడినవంట గద" అంది, కాలు గాల్లో ఉండగానే.

"కొట్లాడాను. నాలుగు, ఐదు."

"నన్నడిగినవా?"

నేను లెక్క తప్పాను. ఆరో ఏడో గుర్తు రాలేదు.

"ఆర్నెల్లు పైన పండుకుంటే తలుపు ఎవలు సూస్తరు?" అంది.

"ఎవరో ఒకరు చూస్తారు అత్తా."

"గా ఎవరో ఒకరే నాకు బుగులు. తలుపు తీసుడు, పెట్టుడు ఎవనికైనా వస్తది. ఎంత తీయాల్నో పంకా గుంజే గుంజుడు చెప్తది. గది చేతికి రానీకి నాకే ఆరేండ్లు పట్టింది." కాలు దించింది. "పది అయినయి. నువ్వు మరిస్తే నేను మరుస్తనా."

కరపత్రాల్లో జనం ఏం కోరుకుంటారో స్పష్టంగా రాసి ఉంటుంది. ఓదెమ్మ ఏం కోరుకుంటుందో దేంట్లోనూ లేదు. ఇది కరపత్రాల లోపం కాదు, వాళ్లకు ఓదెమ్మ తెలియదు.

రోజు 14

మేడం వచ్చింది. దారానికి మోకాలి ఎడం రెండు వేళ్ల నుంచి ఒక వేలికి తగ్గింది. ఆమె అబద్ధం చెబుతోందేమోనని దారం నేనే పట్టుకుని చూశాను. ఒక వేలే.

కొత్తవి రెండు చెప్పింది. స్టూలు మీంచి చేతులు ఆనించకుండా లేవడం, ఐదు దెబ్బలు పట్టేంత మెల్లగా కూర్చోవడం. పక్కకు తిరిగి పడుకుని కాలు ఎత్తడం, అది తుంటి బలానికి.

"చేసేటప్పుడు కొంచెం నొస్తది, నొయ్యనీ. నిద్రలేచినంక వాపు మాత్రం కనపడొద్దు. వాపుంటే తగ్గించాలె. తమ్మీ, రాసుకున్నవా?"

రాసుకున్నాను.

రోజు 21

నిన్న వాన పట్టింది. ప్యానెళ్లను వానే కడుగుతుంది కాబట్టి మా బ్యాచికి పైన పని లేదు. అందరం కిందే. ఓదెమ్మ ఇవాళ నలభై మెట్లు దిగి నలభై ఎక్కింది, గోడ పట్టుకోకుండా. దిగేటప్పుడే నొప్పి ఎక్కువట. నేను ఎక్కడమే కష్టమనుకునేవాణ్ని.

దారిలో ఎదురైన వాళ్లంతా ఒకటే పాట. "ఏందోదెమ్మా, కొత్త గుమస్తాను పెట్టుకున్నవా?" "గుమస్తా గాదు, గుట్టుగ పెట్టుకున్న అల్లుడు" అంటుంది. ఆమెకు కూతుళ్లు లేరు.

లెక్క: సరిగ్గా.

రోజు 28

మేడం మొదటి షిఫ్టు సైరన్ మోగకముందే దిగింది. చెప్పిన వేళ కంటే ముందు. ఆకస్మిక తనిఖీ అన్నమాట. మమ్మల్ని నిద్రలో పట్టుకుందామని. నేను లేచే ఉన్నాను, ఓదెమ్మ అప్పటికే తువ్వాల మీద ఉంది. మేడం మాత్రం ఆవులిస్తూ, "మీరింకా పండుకునే ఉన్నరా, పైన ఎప్పుడో తెల్లారింది" అంది. ఎత్తిపొడుపు.

కొత్తది: మెట్టు అంచున నిలబడి, ఎడమ కాలు గాల్లో పెట్టి, కుడి మోకాలు వంచుతూ ఎడమ మడమ నేలకు తాకేదాకా దిగాలి. ఐదు దెబ్బలు పట్టాలి. పదిసార్లు.

రోజు 33

ఊళ్లో అందరికీ నిద్రమత్తుగా ఉంది. అన్నం రోజూ మెత్తగా అవుతోంది, మా అమ్మ బియ్యాన్ని తిడుతోంది. నాలుగో గ్యాలరీలో ఉన్న బడిలో పిల్లలు బల్లల మీదే నిద్రపోతున్నారని పంతులమ్మ చెప్పింది. ఆమె కూడా ఆవులిస్తూనే చెప్పింది. వానాకాలం అంతే అన్నారు అందరూ.

ఓదెమ్మ మెట్టు కసరత్తుకు మొహం బిగబట్టింది. నాలుగో దెబ్బకే కాలు వణికింది.

"ఐదు అత్తా."

"నీ ఐదు రోజురోజుకు పొడుగైతాంది పిలగా."

"నాది కాదు, పంకాది. పంకా అబద్ధం చెప్పదు."

ఆమె పది పూర్తి చేసింది.

రోజు 35

వాపు వచ్చింది. మోకాలి చిప్ప కనిపించడం లేదు, చేయి పెడితే వెచ్చగా ఉంది. ఇవాళ ల్యాంప్ రూమ్‌కి కూడా గోడ పట్టుకునే పోయింది. నలభై మెట్ల మాట అటుంచి, నాలుగు దిగలేదు.

మేడం చెప్పినట్టు మెట్టూ స్టూలూ ఆపేశాను. తువ్వాల ఒక్కటే.

"సంబురమేనా" అంది ఓదెమ్మ. "నువ్వే గెలిచినవు."

సంబరంగా లేదు. ఎందుకు లేదో తెలియక ఇంకా కోపం వచ్చింది.

రోజు 36

కరపత్రం రాశాను. నా మొదటిది. 'గోడకు కాలెత్తితే కీలు మారుతుందా?' అని పేరు. పన్నెండు ప్రతులు చేత్తో రాసి, మైదా జిగురుతో ల్యాంప్ రూమ్ గోడ మీద, కమిటీ గది తలుపు మీద, ఇంక్లైన్ మూతి దగ్గర అంటించాను. కసరత్తు అనేది సీట్లు ఎగ్గొట్టడానికి పై పట్నం కనిపెట్టిన ఉపాయమనీ, షాహీన్ మేడం దానికి ఏజెంటు అనీ, ఒక కార్మికురాలి మోకాలు దానికి సాక్ష్యమనీ రాశాను. సాక్ష్యాన్ని అడగలేదు. ఈ వాక్యం మూడు రోజుల తర్వాత చేర్చాను.

రోజు 39. కాదు, 42

ఇవాళ ఏం జరిగిందో వరసగా రాస్తాను.

మేడం దిగింది. లెక్క ప్రకారం ఆమె నలభై రెండో రోజున రావాలి. ల్యాంప్ రూమ్ గోడ దగ్గర నిలబడి నా కరపత్రం మొదటి నుంచి చివరి దాకా చదివింది. చదివాక "అక్షరాలు మంచిగున్నయి" అంది. నా చెవులు కాలిపోయాయి.

"మూడు రోజులు ముందే వచ్చారు. మళ్లీ తనిఖీకా?" అన్నాను.

"ముందెక్కడిది? ఇవాళ నలభై రెండు."

"ముప్పై తొమ్మిది." పుస్తకం తెరిచి చూపించాను. ఒక్క రోజు కూడా తప్పిపోలేదు.

ఆమె తన పుస్తకం తీసింది. అందులో కూడా ఏ రోజూ తప్పిపోలేదు. ఇద్దరం ఒకరి పుస్తకం ఒకరం చూసుకున్నాం. ఓదెమ్మ వాచిన కాలు స్టూలు మీద చాపుకుని మా ఇద్దరినీ చూస్తోంది.

మేడం నెమ్మదిగా సంచిలోంచి ఇత్తడి గుండు తీసింది. దారం పొడవు కొలిచింది, మొదటి రోజు ఎంతో అంతే. ఊపింది. "నువ్వు దెబ్బలు లెక్కపెట్టు, నేను ఊపులు" అంది.

నేను పది అనేసరికి ఆమె పదమూడు అంది.

మళ్లీ చేశాం. పదమూడే. నేను ఊపులు, ఆమె దెబ్బలు. పదమూడే.

"పంకా మెల్లగైంది" అంది ఓదెమ్మ, స్టూలు మీంచే. "నేను ఆడ లేను గదా. తలుపు కాడ ఉంటే నాడే చెప్పుదు."

నేను పది అని పట్టించిన ప్రతిదీ పదమూడు. ఐదు దెబ్బలు దిగమన్న మెట్టు ఆరున్నర. వాడిన కండ మీద, రోజుకు మూడు పూటలా, ఒక్కటి కూడా తగ్గనివ్వకుండా. ఆమె చెప్పింది కూడా, నీ ఐదు పొడుగైతాంది అని. నేను పంకాను నమ్మాను.

"తప్పు నాది" అంది మేడం. "మొదటి రోజు కొలిచి ఇడిసిపెట్టిన. వచ్చినప్పుడల్లా కొలవాల్సింది."

ఆ మాట నేను అనాల్సింది. నేను అనలేదు, అనేలోపే నాకు ఇంకోటి తట్టింది. షిఫ్టు. సైరన్ కూడా దెబ్బల లెక్కే. ఎనిమిది గంటల షిఫ్టు పది దాటి నడుస్తోంది, అందరికీ, ఇరవై రోజులుగా, ఎవరికీ తెలియకుండా. అన్నం మెత్తబడింది అందుకే. నేను పంకా గదికి పరిగెత్తాను.

పంకా ఆపరేటరు కొమురెల్లి ఒంటి బనీనుతో కూర్చుని వోల్టేజి చూస్తున్నాడు. కళ్లు గుంటలు పడ్డాయి. నేను దోపిడీ అన్నాను, కుట్ర అన్నాను, ఇంకా చాలా అన్నాను. అంతా విన్నాడు.

"నలభై దినాల మబ్బు పట్టే తీరుంది" అన్నాడు. "ప్యానెళ్లు సగం కూడా ఇస్తలేవు. పంకా ఆగితే అందరం పోతం. గందుకే రోజింత తగ్గిచ్చుకుంట వస్తాన."

"చెప్పాలి కదా."

"చెప్తే బుగులుపడ్తరని. సైరన్ దీని మీదనే నడుస్తదని యాదికే లేదు బానేశూ." కళ్లు తుడుచుకున్నాడు. "నేను కూడా గదే షిఫ్టు చేస్తాన గదా. నాకెందుకు గింత నిద్రొస్తాందా అనుకుంటాన."

నా దగ్గరున్న ముప్పై ఒక్క కరపత్రాల్లో ఇలాంటి దోపిడీదారు ఎక్కడా లేడు.

తిరిగి వచ్చేసరికి ఓదెమ్మ నిలబడి ఉంది, గోడ పట్టుకుని. "గాలి తక్కువైతే మూడో తలుపు గింతనే తీసి ఉంచాలె. మొత్తం తీస్తే గాలి ఆడికాడికే మళ్లిపోతది, లోపల నాలుగో గ్యాలరీకి అందది. బడి ఆడ్నే ఉన్నది." పిల్లలు బల్లల మీద నిద్రపోవడం మాకు ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది.

ఆ వాపు కాలితో ఆమె పోలేదు. నేను పోయాను. తలుపు కాసే కొత్త మనిషి రూలు ప్రకారం దాన్ని బార్లా తీసి ఉంచాడు. ఎంత మూయాలో అతనికి తెలియదు, నాకూ తెలియదు. ఎక్కి వచ్చి అడిగాను.

"మెడల తువ్వాల తీసి సందుల వేలాడదియ్యి. ఎట్ల ఊగుతాందో చెప్పు."

దిగాను. వేలాడదీశాను. ఎక్కాను. "జెండా లెక్క ఎగురుతోంది."

"ఇంకింత మూయి. కొస మాత్రమే ఆడాలె, పిల్లి తోక లెక్క."

నాలుగుసార్లు దిగి ఎక్కాను. నాలుగోసారి కొస మాత్రమే ఆడింది. బడి దగ్గరికి వెళ్లి చూస్తే పంతులమ్మ కిటికీలో కాగితాలకు రాయి పెడుతోంది, ఎగిరిపోతున్నాయని.

చివరిసారి దిగేటప్పుడు నా రెండు మోకాళ్లూ చిప్పల కింద సూదుల్లా పొడిచాయి. పైకి వచ్చి కూర్చుంటే లేవలేకపోయాను.

ఓదెమ్మ తన తువ్వాల చుట్టి నా వైపు తోసింది. "పెట్టుకో అల్లుడా. నేను లెక్కపెడత."

రోజు 43

పన్నెండు కరపత్రాలూ గీకేశాను. మైదా జిగురు బాగా పట్టింది, పొద్దంతా పట్టింది. గీకుతుంటే రాజేశం మేస్త్రి వచ్చి పక్కన నిలబడ్డాడు. తను కూడా గోరుతో ఒక మూల గీకాడు.

మీటింగు పెట్టారు. దారం, ఇత్తడి గుండు కమిటీ గది దూలానికి వేలాడదీసి, రోజూ పొద్దున దెబ్బలతో సరిచూడాలని నేను ప్రతిపాదించాను. ఎక్కువ చేసిన పనికి అందరికీ మూడు రోజుల సెలవు. రెండూ ఒప్పుకున్నారు. బల్ల గుద్దే అవసరం పడలేదు. చేతులకేమో పని లేనట్టు అనిపించింది.

ఓదెమ్మ మాత్రం, "అయ్యో, పంకా మెల్లగున్నప్పుడే పరీక్ష పెట్టిచ్చుకుంటే అయిపోతుండె" అంది. సగం నిజమే. మూడు వేల దెబ్బల నడక ఆ పంకా మీద రెండు వేల మూడువందలే, ఇంకో మూడువందలు తగ్గితే చాలు.

రోజు 51

వాపు పోయింది. మేడం చెప్పిన వరసలో మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు దెబ్బలు కాదు, ఊపులు. గూట్లో మేకుకి నాకో గుండు కట్టుకున్నాను, బోల్టు నట్టుతో. ఆమె అలిసిపోయిందంటే ఎనిమిదికి ఆపుతున్నాను.

లెక్క: ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది.

రోజు 63

వాన వెలిసింది. పైకి పోయి ప్యానెళ్లు తుడిచాను, కళ్లు మండాయి. పంకా మళ్లీ పదికి పది.

ఓదెమ్మ రెండువందల మెట్లు. దిగి, కూర్చుని, నీళ్లు తాగి, ఎక్కింది. దారం మోకాలిని తాకుతోంది. ఆమె ఇప్పుడు నా కంటే నిటారుగా నడుస్తుంది. ఎత్తు తక్కువ చోట రెండుసార్లు తల కొట్టుకుంది.

రోజు 77

ఆరువందల నలభై. దిగడానికి రెండు వేల నూరు పట్టింది. వంద ఎక్కువ.

వ్యాగన్ సీటుకి పేరు రాసి పంపాల్సిన రోజు ఇది. కాగితం తెచ్చి ఓదెమ్మను అడిగాను. ఈసారి అడిగాను.

"నాకొద్దు. మేస్త్రికి రాయి" అంది.

రాజేశం మేస్త్రి ఈ కసరత్తులు రెండు విడతలు చేశాడట, కిందటేడు, అంతకు ముందేడు. షాహీన్ మేడమే చేయించింది. ఆయన ఎడమ మోకాలిలో ఎముకకు ఎముక తగులుతోంది, దానికి కొత్త కీలే దారి. కమిటీ పెద్ద తన పేరు తనే రాసుకుంటే బాగుండదని రెండేళ్లుగా వదిలేశాడట. ఆయన ఎప్పుడూ బల్ల వెనకే ఎందుకు కూర్చుని ఉంటాడో నేనెప్పుడూ ఆలోచించలేదు.

దరఖాస్తు నేనే రాశాను. పదకొండో కరపత్రం మొదటి పేజీలోని వాక్యం అందులో వాడాను. అతికినట్టు సరిపోయింది.

రోజు 84

వ్యాగన్ ఇంక్లైన్ మూతి దగ్గర ఆగింది. మేస్త్రిని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. ఎక్కాక నన్ను పిలిచాడు.

"నేనొచ్చేదాక బల్ల జాగ్రత్త" అన్నాడు.

"మీరొచ్చాకే గుద్దుతాను" అన్నాను.

సైరన్ మోగింది. ఓదెమ్మ మొదటి మెట్టు దిగింది. కమిటీ తరఫున కొమురెల్లి వెనక నడిచాడు, నేను పక్కన నడిచాను, పైకే లెక్కపెడుతూ. మూడువందలవ మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది.

"నొస్తోందా అత్తా?"

"ఉన్నది. మునుపు ముందర నడుస్తుండె, ఇప్పుడు ఎనుక నడుస్తాంది. రానీ."

గోడ పట్టుకోలేదు. ఐదువందలవ మెట్టు దగ్గర కప్పు తక్కువ. అక్కడ తల వంచింది, మోకాలు వంచలేదు. తలుపు పిడి మీద చేయి వేసేసరికి వెయ్యిన్ని తొమ్మిదివందల అరవై. కొమురెల్లి సంతకం పెట్టాడు. కొత్త మనిషి లేచి చోటిచ్చాడు, అతనికి ప్రాణం లేచి వచ్చినట్టుంది.

ఓదెమ్మ నేల మీద కూర్చుంది. ఐదు దెబ్బలు పట్టేంత మెల్లగా, చెయ్యి ఆనించకుండా. వీపు చౌకట్టుకు ఆనించి, తల పక్కకు వంచి, చెవి తలుపుకు పెట్టింది. నేను ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను. ఎందుకో నాకు తెలియదు. రెండు వేల ఇరవై, ఇరవై ఒకటి.

"ఇగ ఆపు పిలగా" అంది, కళ్లు మూసుకునే. "తలుపు ఏమంటాందో ఇననిస్తలేవు."

లెక్క: పెట్టలేదు.